ఎలుకకి తగ్గింది సరే, మరి మా నాన్నకి?

పాఠకుల ప్రశ్నలు - డాక్టర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది వేర్వేరు మాటల్లో ఒకటే అడిగారు. ఇన్ని పరిశోధనలు జరుగుతున్నాయంటారు, అవి మా మంచం దాకా ఎందుకు రావు అని. అందుకని మోకాళ్ల నొప్పులు, జుట్టు రాలడం ఈసారికి పక్కన పెట్టేశాను. ఆ ఉత్తరాలు రాసినవాళ్లు ఏమీ అనుకోకండి, వచ్చే సంచికలో మీ వంతే.

"డాక్టర్ గారూ, మా నాన్నకి క్యాన్సర్, ట్రీట్‌మెంట్ నడుస్తోంది. వారానికొకసారి ఎవరో ఒకరు 'క్యాన్సర్‌కి మందు కనిపెట్టేశారట' అని ఫోన్లో వార్త పంపుతారు. ఒకసారి ప్రింట్ తీసి మా డాక్టర్‌కి చూపిస్తే ఆయన నవ్వి, మడిచి నా చేతికే ఇచ్చేశారు. ఆ మందులన్నీ ఎక్కడికి పోతున్నాయి? ఎవరైనా కావాలని తొక్కేస్తున్నారా?"

తొక్కేయడం కాదు బాబూ, చాలావరకు మధ్యదారిలో రాలిపోతున్నాయి. ముందు మీ డాక్టర్ గారి నవ్వు గురించి ఒక మాట. ఆయన అలా నవ్వకుండా ఉండాల్సింది. రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే మీరు నాకు ఉత్తరం రాసే పని ఉండేది కాదు. సరే, ఆ రెండు నిమిషాలు నేను తీసుకుంటాను.

ఇంకోసారి అలాంటి వార్త వస్తే హెడ్డింగ్ వదిలేసి కింద మూడో పేరానో నాలుగో పేరానో చూడండి. అక్కడ చిన్నగా 'ఎలుకల్లో' అనో, 'ల్యాబ్‌లో పెంచిన కణాల మీద' అనో ఉంటుంది. అసలు వార్త అదే. ఎలుకకి క్యాన్సర్ రావడమంటే చాలాసార్లు మనమే గడ్డ అంటించడం. ఆ ఎలుకలన్నీ ఒకే జాతివి, ఒకే వయసువి, ఒకే మేత తింటాయి, బీపీ లేదు, షుగర్ లేదు, అవి వేసుకునే వేరే మాత్రలు లేవు. మీ నాన్నగారి ఒంట్లో గడ్డ ఏళ్ల తరబడి తనంతట తాను పెరిగింది, పెరుగుతూ పెరుగుతూ మారింది కూడా. ఎలుకలో పనిచేసింది ఆయనలో పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అలాగని ఎలుకలు దండగ అనీ కాదు, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

అక్కడ నెగ్గిన మందు మనుషుల దగ్గరికి వచ్చాక మొదటి దశలో కొన్ని పదుల మందికి ఇచ్చి, ఒళ్లు ఎంత డోసు తట్టుకుంటుందో చూస్తారు. రెండో దశలో కొన్ని వందల మంది మీద అసలు పనిచేసే సూచన ఉందా అని చూస్తారు. మూడో దశలో వందల నుంచి వేల మందిలో, ఇప్పుడు వాడుతున్న వైద్యంతో పోల్చి చూస్తారు. మనుషుల్లో పరీక్ష మొదలైన మందులు పదింటిలో సుమారు ఒక్కటే చివరికి బయటపడుతుంది. మీ ఫోన్‌కి వచ్చేవి చాలావరకు ఈ వరసలోకి ఇంకా చేరనివే.

ఇంత చాదస్తం ఎందుకు, మనిషి చనిపోతుంటే ఇచ్చి చూడొచ్చుగా అంటారు చాలామంది. నేనూ ఒకప్పుడు అనేవాణ్ణి, నా నోరు మూయించింది ఒక గుండె మందుల కథ. హార్ట్ ఎటాక్ వచ్చి బతికినవాళ్లలో కొందరికి గుండె మధ్యమధ్యలో తప్పుగా కొట్టుకుంటుంది, అలాంటివాళ్లు హఠాత్తుగా చనిపోయే ప్రమాదం ఎక్కువ అని తెలుసు. ఆ తప్పుడు కొట్టుకోవడాన్ని ఆపే మందులూ ఉన్నాయి. కాబట్టి అవి ఇస్తే బతుకుతారు. ఎంత తిన్నగా ఉంది లెక్క! 1980ల్లో డాక్టర్లు ధైర్యంగా రాసేవాళ్లు. చివరికి అమెరికాలో కాస్ట్ అనే పెద్ద ట్రయల్ పెట్టి కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, మందు వేసుకున్నవాళ్లే ఎక్కువగా చనిపోతున్నారు. 1989లో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే ఆ రెండు మందులనీ ట్రయల్ మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఈసీజీ కాగితం మీద గీత చక్కగా అయింది, మనిషే లేడు.

వేగంగా వచ్చిన మందులు లేవా అంటే ఉన్నాయి. ఇన్సులిన్. 1922 జనవరి 11న టొరంటోలో పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. అది సరిగ్గా పనిచేయలేదు, పైగా మందు శుభ్రంగా లేక రియాక్షన్ వచ్చింది. కాలిప్ అనే ఆయన కూర్చుని ఆ మందుని శుద్ధి చేశాక 23న మళ్లీ ఇచ్చారు, అప్పుడు షుగర్ దిగింది. కనిపెట్టినవాళ్ల పేర్లు అందరికీ తెలుసు, మధ్యలో ఆ పన్నెండు రోజులు గాజు సీసాల ముందు కూర్చున్నాయన పేరు ఎంతమందికి తెలుసు చెప్పండి.

మీ పని విషయానికొస్తే, ఈసారి మీ డాక్టర్ దగ్గరికి వార్త తీసుకెళ్లకండి, ఒక ప్రశ్న తీసుకెళ్లండి. "నాన్నకి ఉన్న రకం క్యాన్సర్‌కి, ఇప్పుడున్న స్టేజిలో, ఎక్కడైనా ట్రయల్ నడుస్తోందా, ఆయన అందులోకి పనికొస్తారా?" దీనికి ఎవరూ నవ్వలేరు.

"ల్యాబ్‌లో తేలిన విషయం రోగి దాకా రావడానికి 17 ఏళ్లు పడుతుందని ఎక్కడో చదివాను. నిజమేనా, లేక ఊరికే అంటారా?"

ఆ అంకె 2000లో బాలస్, బోరెన్ అనే ఇద్దరు వేసిన లెక్క నుంచి వచ్చింది. అసలు మాట ఇంకా నిరాశగా ఉంటుంది, పరిశోధనల్లో 14 శాతం మాత్రమే రోగికి పనికొచ్చే దాకా వస్తుంది, దానికీ సగటున 17 ఏళ్లు పడుతుంది అని. సగటు కదా, దాన్ని రాతిమీద గీత అనుకోకండి. కొన్ని నెలల్లో వస్తాయి, కొన్నిటికి తరం గడిచిపోతుంది.

ఓడల్లో నావికుల చిగుళ్లు కుళ్లి, పాత గాయాలు మళ్లీ తెరుచుకుని చచ్చిపోయే స్కర్వీ జబ్బు తెలుసుగా. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు పన్నెండు మంది రోగుల్ని ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకి ఒక్కో వైద్యం చేశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న జంట వారంలో లేచి కూర్చుంది. 1753లో పుస్తకం కూడా రాశాడు. బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసం ఇవ్వాలని ఆర్డరు వేసింది మాత్రం 1795లో! అధికారుల్ని తిట్టాలనిపిస్తుంది, తిట్టొచ్చు కూడా, కానీ లిండ్ కూడా ఒక తప్పు చేశాడు. ఓడలో కాయలు నిలవ ఉండవు కదా అని రసాన్ని వేడి చేసి చిక్కబరిచి దాచుకోమన్నాడు. వేడికి అందులోని విటమిన్ సి పోతుందని అప్పట్లో ఎవరికీ తెలియదు. అంటే తేలిన విషయం సరైనదే, దాన్ని సీసాలో పెట్టే పద్ధతి దగ్గర పోయింది.

ఇది పాత కాలం ముచ్చటలే అనుకునేవాళ్ల కోసం ఇంకొకటి. నెలలు నిండకుండా కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయని న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ 1972లోనే ప్రచురించారు. అమెరికాలో నిపుణులు కూర్చుని 'ఇది అందరికీ ఇవ్వండి' అని గట్టిగా చెప్పింది 1994లో. మధ్యలో ఇరవై రెండేళ్లు. ఆ మధ్యకాలంలో ఇంకా చాలా ట్రయల్స్ జరిగాయి, అన్నీ ఒకచోట పేర్చి చూస్తే జవాబు ఎప్పుడో వచ్చేసి ఉందని తేలింది, చాలాకాలం అలా పేర్చి చూసినవాళ్లే లేరు. వైద్య పరిశోధనల్ని ఇలా ఒకచోట చేర్చి తూకం వేసే కోక్రేన్ అనే సంస్థ ఆ పేర్చిన గీతల బొమ్మనే తన గుర్తుగా పెట్టుకుంది. ఎక్కడైనా కనిపిస్తే చూడండి, అందులో ఒక్కో అడ్డగీత ఒక్కో ట్రయల్.

త్వరగా జరిగిన సంగతీ చెప్పాలిగా. కోవిడ్ వచ్చినప్పుడు బ్రిటన్‌లో 2020 మార్చిలో రికవరీ అనే ట్రయల్ మొదలుపెట్టారు. డెక్సామెథసోన్ అనే పాత, చవక స్టెరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల చావుల్ని సుమారు మూడో వంతు తగ్గిస్తుందని జూన్ 16న ప్రకటించారు, ఆ రోజే అక్కడి ఆసుపత్రుల్లో వాడమన్నారు. మూడు నెలలు! ఎలాగంటే ట్రయల్‌ని ఎక్కడో వేరే భవనంలో కాకుండా మామూలు ఆసుపత్రుల్లో, మామూలు డ్యూటీ డాక్టర్లతోనే నడిపించారు, నింపాల్సిన ఫారాలు అతి తక్కువ పెట్టారు. అదే ట్రయల్ ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి ఈ మందు లాభం చేయలేదని కూడా చెప్పింది. ఆ రెండో ముక్క మాత్రం చాలా చోట్ల దారిలో జారిపోయింది, ఇంట్లో కూర్చున్న మామూలు జ్వరాలవాళ్లు కూడా స్టెరాయిడ్ మింగేశారు.

"నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. చేతులు కడుక్కోండి సార్ అంటే సీనియర్ డాక్టర్లకి కోపం. ఇన్ఫెక్షన్ వస్తే మాట పడేది మేము. చేతులు కడుక్కోవాలని చిన్నపిల్లలకీ తెలుసు, దీని మీద ఇంకా రీసెర్చ్‌లు, మీటింగులు ఏంటి సార్? చిరాకొస్తోంది."

సిస్టర్, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ చిరాకు న్యాయమైనదే, కానీ రీసెర్చ్ అవసరమైనది సరిగ్గా అక్కడే. చేతులు కడగాలా వద్దా అన్నది ఎప్పుడో తేలిపోయింది. తెలిసినవాడు ఎందుకు కడగడు అన్నది తేలలేదు. మొదటిది సూక్ష్మజీవుల శాస్త్రం, రెండోది మనుషుల శాస్త్రం. రెండోదే కష్టం.

వియన్నాలో సెమ్మెల్వైస్ కథ మీకు నర్సింగ్‌లో చెప్పే ఉంటారు. 1847 ఏప్రిల్‌లో ఆయన కాన్పుల వార్డులో నూటికి 18 మందికి పైగా తల్లులు చనిపోయారు. శవపరీక్ష చేసొచ్చిన చేతులతోనే కాన్పులు చేస్తున్నారని ఆయనకి అనుమానమొచ్చింది, మే నెల నుంచి క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. జూన్‌కి చావులు నూటికి రెండుకి దిగాయి. అంత రుజువు కళ్ల ముందే ఉన్నా పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు, ఎందుకంటే ఒప్పుకుంటే అంతకుముందు చనిపోయిన తల్లులకి తామే కారణమని ఒప్పుకున్నట్టు. అంత బరువు ఎవరు మోస్తారు? ఆయన కూడా సమయానికి సరిగ్గా రాసి ప్రచురించలేదు, తర్వాత కోపం పట్టలేక ఎదుటివాళ్లని హంతకులని బహిరంగ ఉత్తరాల్లో తిట్టాడు. ఆయన చెప్పింది నిజం, ఆ చెప్పిన తీరుకి వినాల్సినవాళ్ల చెవులు ఇంకా మూసుకుపోయాయి.

ఇప్పుడు మీ ఐసీయూకి దగ్గరగా ఉండే సంగతి. పీటర్ ప్రొనోవోస్ట్ అనే ఐసీయూ డాక్టరు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో సెంట్రల్ లైన్, అంటే మందులెక్కించడానికి పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం, దాని వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ల మీద పడ్డాడు. లావు మార్గదర్శకాల పుస్తకంలోంచి ఐదంటే ఐదు పనులు ఏరాడు. చేతులు కడగడం, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందుతో చర్మం తుడవడం, రోగిని ఒళ్లంతా కప్పి తాను క్యాపు, మాస్కు, గౌను, గ్లౌజులు వేసుకోవడం, వీలైనంతవరకు తొడ దగ్గర లైను పెట్టకపోవడం, అవసరం తీరిన లైను తీసేయడం. ఇందులో కొత్తది ఒక్కటీ లేదు. మరి ఎందుకు చేయడం లేదని దగ్గరుండి చూస్తే, ఆ సామానంతా ఒకచోట లేదు. గౌను ఒక అలమరలో, మందు ఇంకో చోట. రాత్రి రెండింటికి రోగి బీపీ పడిపోతుంటే ఎవరు తిరుగుతారు? అన్నీ ఒక ట్రాలీలో పెట్టించాడు. రెండో పని ఇంకా ముఖ్యం, డాక్టరు ఒక మెట్టు వదిలేస్తే ఆపమనే హక్కు నర్సుకి ఇచ్చాడు, ఆ హక్కు ఉందని పైవాళ్ల చేత కూడా చెప్పించాడు.

మిషిగన్ రాష్ట్రంలో వంద పైచిలుకు ఐసీయూల్లో ఇలా చేస్తే, 2006లో వచ్చిన లెక్కల ప్రకారం ఏడాదిన్నరలో ఆ ఇన్ఫెక్షన్లు మూడింట రెండు వంతుల దాకా తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు.

ఇది చదివి వెంటనే చెక్‌లిస్టు ప్రింట్ తీసి గోడకి అంటించేయకండి. తర్వాత ఇంగ్లండ్‌లో కూడా ఇదే పథకం పెట్టారు. ఇన్ఫెక్షన్లు తగ్గాయి గానీ, అవి అంతకుముందు నుంచే తగ్గుతున్నాయి, ఈ పథకం వల్ల ప్రత్యేకంగా ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేకపోయారు. కొన్ని చోట్ల స్టాఫ్ దీన్ని మన పనిగా కాకుండా పైనుంచి వచ్చిపడ్డ ఇంకో హుకుంగా తీసుకున్నారు. కాగితం ఒకటే, వార్డు వేరు.

నా సంగతి ఒకటి చెప్తాను. జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి లైను పెడుతుంటే నా గౌను చెయ్యి మంచం రెయిలింగ్‌కి తగిలింది. పక్కనున్న సిస్టర్ "సార్, గౌను మార్చుకోండి" అంది. తగల్లేదన్నాను. ఆవిడ ఇంకేమీ మాట్లాడలేదు, కొత్త గౌను ప్యాకెట్ చించి, పట్టుకుని, అలాగే నిలబడింది. బహుశా అర నిమిషం. మానిటర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను మార్చుకున్నాను. లోపల మండిపోయింది, నిజం చెప్పాలంటే మర్నాడు కంప్లయింట్ చేద్దామని కూడా అనుకున్నాను. చేసి ఉంటే ఆవిడ మాట నిలబెట్టే ఏర్పాటు ఆ ఆసుపత్రిలో ఏమీ లేదు. ఆవిడ ధైర్యం మీద ఆ రోగి బతుకు ఆధారపడి ఉండకూడదు కదా, నేను మీకు చెప్పేది అదే. మీ మేనేజ్‌మెంట్‌ని అడగాల్సింది మళ్లీ ఒక ట్రెయినింగ్ క్లాసు కాదు, రెండే. ఒకటి ట్రాలీ, రెండోది 'నర్సు ఆపమంటే ఆగాలి' అని సంతకం పెట్టిన కాగితం. ప్రతి నెలా ఎన్ని ఇన్ఫెక్షన్లు వచ్చాయో అందరికీ కనిపించేలా రాయమనండి, సీనియర్లు ఆ అంకె చూసి మారినంతగా మన మాటకి మారరు.

"'ఈ మాత్ర గుండెపోటు ముప్పుని సగానికి తగ్గిస్తుంది' అని ప్రకటనలో చూశాను. వేసుకోవాలా?"

దేంట్లో సగం అని అడగండి. వందమందిలో ఇద్దరికి రావాల్సిన గుండెపోటు ఒకరికి తగ్గినా సగమే, నలభై మందికి రావాల్సింది ఇరవైకి తగ్గినా సగమే. మొదటి దాంట్లో తొంభై తొమ్మిది మంది మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా ఒకటే, వాళ్లకి మిగిలేది సైడ్ ఎఫెక్ట్ మాత్రమే. రెండో దాంట్లో వేసుకోకపోతే మూర్ఖత్వం. మీరు ఏ లెక్కలోకి వస్తారో మీ బీపీ, కొలెస్ట్రాల్, వయసు, సిగరెట్టు అలవాటు చూసి మీ డాక్టరే చెప్పాలి, ప్రకటన చెప్పదు.

"మా అమ్మని ఆసుపత్రిలో ఒక ట్రయల్‌లో చేరమంటున్నారు. ఆవిడ సరే అంటోంది. నాకేమో భయం, మా అమ్మని ప్రయోగాల ఎలుకని చేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. వద్దనమంటారా?"

అమ్మా, భయం ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో టస్కీగీ దగ్గర 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ జబ్బున్న నల్లజాతి పేదలకి అసలు విషయం చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడున్న సంతకాలు, పరిశోధన న్యాయంగా జరుగుతుందో లేదో చూసే ఎథిక్స్ కమిటీలు అలాంటి దారుణాల తర్వాత వచ్చినవే. కాబట్టి అనుమానంగా ఉండండి, అనుమానం మంచిదే. కాకపోతే మీ అమ్మగారు సరే అంటున్నారని మీరే రాశారు, నిర్ణయం ఆవిడది. మీ పని పక్కన కూర్చుని కాగితాలు చదవడం.

నేను కొన్నేళ్లు ట్రయల్స్ నడిచే వార్డులో చేశాను. సమ్మతి పత్రం పద్దెనిమిది పేజీలు ఉండేది. చాలామంది చివరి పేజీ తిప్పి, సంతకం ఎక్కడ అనేవాళ్లు. ఒక పెద్దావిడ మాత్రం కళ్లజోడు తుడుచుకుని, లైను కింద వేలు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. నాకు బయట ఇంకా నలుగురు ఉన్నారు, వాచీ చూసుకుంటున్నాను. పదకొండో పేజీలో వేలు ఆగింది. "బాబూ, ఇది అయిపోయాక ఈ మందు నాకు ఇస్తూ ఉంటారా, ఆపేస్తారా?" నేను ముందు పేజీలు తిప్పాను, వెనక పేజీలు తిప్పాను. ఎక్కడా లేదు. అప్పటికి ఆ పత్రం మీద ఎంతోమంది చేత సంతకాలు పెట్టించాను, నాకే తట్టలేదు. పైవాళ్లని అడిగితే జవాబు రావడానికి వారం పట్టింది, ఆవిడ రాతపూర్వకంగా వచ్చాకే సంతకం పెట్టింది.

మీరూ ఆ ప్రశ్న అడగండి. ఇంకా, ట్రయల్‌లో చేరకపోతే అమ్మకి ఇచ్చే వైద్యం ఏంటి, చేరితే అది ఆగిపోతుందా అని అడగండి. ఉత్తుత్తి మాత్ర ఇస్తారేమోనని మీకు భయం ఉండొచ్చు. ఆ జబ్బుకి పనిచేసే వైద్యం ఇప్పటికే ఉంటే, మామూలుగా దాన్ని ఆపేసి వట్టి మాత్ర ఇవ్వరు, ఉన్న వైద్యానికి తోడుగా ఇస్తారు లేదా దానితోనే పోలుస్తారు. ఎవరికి ఏది అన్నది చీటీ వేసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది, డాక్టర్‌కి నచ్చినవాళ్లకి మంచి మందు వెళ్లకుండా. మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మానేసినందుకు మామూలు వైద్యం తగ్గించకూడదు. ఏదైనా జరిగితే ఖర్చు ఎవరిది, అర్ధరాత్రి ఏ నంబరుకి ఫోన్ చేయాలి, ఈ రెండూ కాగితం మీద ఉండాలి, నోటిమాట చాలదు. ఇవి అడిగితే విసుక్కునే చోట మాత్రం చేరనివ్వకండి.

"మా అబ్బాయి డాక్టరు చదివి, ప్రాక్టీస్ పెట్టకుండా రీసెర్చ్ అంటున్నాడు. రోగుల్ని చూడని డాక్టరేంటండీ?"

మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పి ఊరుకుంటే మీరు ఒప్పుకోరు, కాబట్టి కొంచెం వివరంగా. ఆయన అమెరికాలో లెడర్లీ కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తూ తన బృందంతో చేయించిన అమినాప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల ఆసుపత్రి డాక్టరు రక్తక్యాన్సర్ పిల్లలకి ఇచ్చాడు. 1948లో అచ్చయిన ఆ రిపోర్టులో పదహారు మందిలో పది మందికి కొంతకాలం పాటు జబ్బు వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బుకి ఏ మందూ పనిచేయలేదు. ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు. దానికి చెల్లెలు లాంటి మెథోట్రెక్సేట్‌ని ఇవాళ్టికీ క్యాన్సర్‌కీ కీళ్లవాతానికీ వాడుతున్నారు, ఫైలేరియాకి ఊళ్లకి ఊళ్లకే పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం పనే. ఇక్కడ ఫార్బర్ లేకపోతే మందు సీసాలోనే ఉండేది, సుబ్బారావు లేకపోతే ఫార్బర్ చేతిలో ఏమీ లేదు. మీవాడు ఏ వైపు వెళ్లినా అవతలివైపు వాళ్లతో మాట్లాడటం నేర్చుకోమనండి. వెళ్లనివ్వండి.

"రెండేళ్ల కిందట మా ప్రాంతానికి ఒక పరిశోధన బృందం వచ్చింది. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగారు, రక్తం తీసుకున్నారు. మా పిల్లలు ఏడ్చినా పట్టుకుని తీయించాం, మంచి జరుగుతుందనే కదా. మళ్లీ ఎవరూ రాలేదు. రిపోర్టు కూడా లేదు. ఇప్పుడు ఇంకో బృందం వస్తామంటోంది. రానివ్వాలా?"

ఈ ఉత్తరం చివరికి ఉంచుకున్నాను, ఎందుకంటే ఇందులో మా తప్పుంది. మా అంటే పరిశోధన చేసేవాళ్లందరిదీ. ఆ రక్తంతో ఎక్కడో ఒక వ్యాసం వచ్చే ఉంటుంది, దాని మీద ఎవరికో ప్రమోషన్ కూడా వచ్చి ఉంటుంది. మీకు ఒక కాగితం కూడా రాలేదు. దీన్ని సమర్థించే మాట నా దగ్గర లేదు.

ఇలాగే ఉండక్కర్లేదు అనడానికి ఓఆర్ఎస్ కథ చెప్తాను. పేగులో ఉప్పు, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్తాయని, వాటి వెంట నీరు కూడా వెళ్తుందని 1960ల్లో తేలింది. 1968లో ఢాకాలో కలరా రోగుల మీద పనిచేసింది కూడా. అయినా డాక్టర్లకి నమ్మకం కుదరలేదు, నరానికి ఎక్కించే సెలైన్ ఉండగా తాగించడమేంటని. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం, సరిహద్దులో బన్‌గావ్ దగ్గర శరణార్థి శిబిరాల్లో కలరా, నేలంతా రోగులు, సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు వేరే దారిలేక ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపి, రోగుల పక్కనున్న అమ్మలకీ అక్కలకీ గ్లాసులిచ్చి తాగించమన్నాడు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి పడిపోయాయి. అక్కడ వైద్యం చేసింది బంధువులే.

ఇంకా అసలు కథ ఆ తర్వాతది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఇల్లిల్లూ తిరిగి, మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు అని కోటికి పైగా ఇళ్లలో తల్లులకి నేర్పింది. మొదట్లో తల్లులు గడగడా అప్పజెప్పేవాళ్లు గానీ వాడేవాళ్లు తక్కువ. ఎందుకా అని తరచి చూస్తే నేర్పే అమ్మాయిలకే నమ్మకం లేదు! అందుకని ముందు వాళ్లకి విషయం అర్థమయ్యేలా చెప్పారు, నేర్పేటప్పుడు వాళ్లే ఒక గుక్క తాగి చూపించేలా చేశారు, ఇంట్లో మగవాళ్లతో కూడా మాట్లాడారు. నేర్పే అమ్మాయి జీతం కూడా ఎన్ని ఇళ్లు తిరిగిందన్నదాని మీద కాదు. నెల తర్వాత వేరేవాళ్లు వెళ్లి కొందరు తల్లుల్ని అడుగుతారు, వాళ్లకి ఎంత గుర్తుందో దాన్ని బట్టి డబ్బు. ఇలాంటి లెక్క మా పరిశోధకుల జీతాలకీ పెడితే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు, జనాన్ని కలుపుకోక మొదట్లో వ్యవహారం తిరగబడింది కూడా. శవాల నుంచి జబ్బు అంటుకుంటుందన్నది నిజమే, కానీ తెల్ల సూట్లు వేసుకున్నవాళ్లు వచ్చి శవాన్ని సంచిలో వేసుకుపోతుంటే జనం శవాల్ని దాచిపెట్టారు. తర్వాత మత పెద్దలతో కూర్చుని మాట్లాడి, కుటుంబం దూరం నుంచి చూసేలా, ప్రార్థన చేసుకునేలా పద్ధతి మార్చాక జనం ఒప్పుకోవడం మొదలైంది. సైన్స్ మారలేదు, అడిగే తీరు మారింది.

ఇక మీ ప్రశ్న. రానివ్వండి, కానీ మొదటి రోజు సూది తేవద్దనండి. అందరూ ఒకచోట కూర్చోండి. ఈ పరిశోధన మీ అంతట మీరు ఎంచుకున్నదా, మమ్మల్ని అడిగి ఎంచుకున్నదా అని వాళ్లని అడగండి, మీకు మీ ప్రాంతంలో నీళ్ల బాధ పెద్దదైతే వాళ్లు ఇంకేదో కొలుస్తామంటే అది ఎందుకో చెప్పమనండి. ఎవరి రిపోర్టు వాళ్లకి ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎవరికైనా జబ్బు బయటపడితే వైద్యం ఎక్కడ చేయిస్తారు, మిగిలిన రక్తాన్ని ఏం చేస్తారు, అంతా అయ్యాక మళ్లీ ఇదే చోట నిలబడి ఫలితాలు మీ భాషలో ఎప్పుడు చెప్తారు, తేదీతో సహా రాయించుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం కాపీ తీసుకోండి, దాని మీద ఫిర్యాదుకి ఎవరిని అడగాలో ఉంటుంది. పాత బృందం కాగితాలు ఎవరింట్లోనైనా ఉంటే వెతకండి, వాటి మీద కూడా కమిటీ పేరు ఉండాలి. దొరికితే ఆ కమిటీకి మీరందరూ కలిసి ఒక ఉత్తరం రాయండి, మా రిపోర్టులు ఏవి అని. రాయడంలో సాయం కావాలంటే నాకు పంపండి, చూసి పెడతాను.